చెరకు పిప్పి, బొగ్గు



రావికమతం, చోడవరం వైపు చెరకు తెలియనివారు ఉండరు. గానుగాడాక మిగిలిన పిప్పిని ఏం చేస్తాం? ఎండబెట్టి బెల్లం పొయ్యిలో వేస్తాం. అదీ ఇంధనమే. కాలిస్తే పొగా వస్తుంది. మరి బొగ్గుకీ దీనికీ తేడా ఏమిటి?

పిప్పి కాలితే వచ్చే బొగ్గుపులుసు వాయువును ఆ చెరకు తోట ఎదిగేటప్పుడు గాలిలోంచే పీల్చుకుంది. మళ్లీ తోట వేస్తే మళ్లీ పీల్చుకుంటుంది. బొగ్గు, పెట్రోలు, డీజిల్ అలా కాదు. కోట్ల ఏళ్లుగా భూమి అడుగున ఉన్నదాన్ని తవ్వి తెచ్చి కాలుస్తున్నాం. ఆ వాయువు పైన పేరుకుపోతోంది. భూమి వేడెక్కుతోంది.

పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రం నడిచేది బొగ్గుతోనే. అక్కడి జలాశయం మీదే 2021లో తేలే సోలార్ పలకలు పరిచారు. బొగ్గు కరెంటు ముందు అది కొంచెమే. అయినా సరైన దారి అదే.

మళ్లీ చెరకు దగ్గరికి వద్దాం. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ నుంచి ఇథనాల్ చేసి పెట్రోలులో కలుపుతున్నారు. మంచిదే. కానీ చెరకుకు నీళ్లు ఎక్కువ కావాలి. ఇథనాల్ కోసమే తోటలు పెంచుకుంటూ పోవడం నాకు సమ్మతం కాదు. మిగిలినదాన్ని వాడుకుందాం.

రైతులకు ఒక్క మాట. చెరకు కొట్టాక ఎండుటాకుకు నిప్పు పెట్టకండి. పొయ్యిలో పిప్పి కాలితే బెల్లం వస్తుంది. పొలంలో ఆకు కాలితే పొగే వస్తుంది. ఆ ఆకును చాళ్ల మధ్య పరచండి. తేమ నిలుస్తుంది, కుళ్లి ఎరువవుతుంది. ఈసారి ఒక్క మడిలోనైనా చేసి చూడండి.