చుట్ట మానువానికి చేయూత



లంక పొగాకు పండు ఈ గోదావరి తీరమున చుట్ట మానుమని చెప్పుట సులువు కాదు. 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వెలసినది మన రాజమండ్రిలోనే. ఈ పంట మనలో అనేకులకు కూడు పెట్టినది.

మా కాపరత్వపు తొలి దినములలో చుట్ట కాల్చు ఒక పెద్దాయనను ఆరాధనలో అందరి యెదుట గద్దించితిమి. ఆయన చుట్ట మానలేదు. గుడికి వచ్చుట మానెను. ఆ తప్పు మాది.

ఏండ్ల తరువాత ఆయన వైద్యుని సలహాపై నికోటిన్ గమ్ము మొదలుపెట్టెను. “ఒక పీడ పోయి ఇంకో పీడ పట్టుకుంది” అని ఇంటివారు ఎగతాళి చేసిరి. అది సరికాదు. శరీరము అడుగునది నికోటిన్‌ను. ప్రాణము తీయునది ముఖ్యముగా పొగలోని తారు, విషవాయువులు. గమ్ము ఆ పొగ లేకుండ కొద్దిపాటి నికోటిన్ ఇచ్చును. కొన్ని వారములలో దానినీ క్రమముగా తగ్గించి మానవలెను.

దానిని గబగబ నమలరాదు. ఘాటు తగులగానే ఆపి బుగ్గన పెట్టుకొనవలెను. ఘాటు తగ్గిన పిదప మరల నమలవలెను. కాఫీ త్రాగిన వెంటనే వేసికొనిన సరిగా పనిచేయదు. గుండె జబ్బువారు, గర్భిణులు వైద్యుని అడిగియే వాడవలెను.

మిగిలినది మన పని. భోజనము కాగానే చుట్ట గుర్తుకు వచ్చును. ఆ వేళ ఆయనతో కాలువ గట్టున నాలుగడుగులు నడువుడి. ఆయన యెదుట చుట్ట వెలిగింపకుడి. విసుగుకొనినను సహింపుడి. ఒకనాడు జారినచో “నీవల్ల కాదు” అనకుడి. మరునాడు మరల మొదలుపెట్టనీయుడి. 1800-11-2356 అను ప్రభుత్వపు ఉచిత ఫోనులోను సలహా దొరకును.

మేము ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ వేడితిమి. ఆయన రెండుమారులు జారి, మూడవమారు మానెను. ఇప్పుడు గుడిలో ముందు వరుసన కూర్చుండును.