పైకప్పున్న నీళ్లలోకి కొత్తవాళ్లు



అధ్యక్షుడి మాటకు ఎవరూ అడ్డు చెప్పరన్న ధైర్యంతో, ఈ హాల్లో సగం మందికి నచ్చని సంగతితోనే మొదలుపెడతాను. గుహల్లోకీ మరీ లోతుకూ దిగే టెక్నికల్ డైవింగ్ మీద ఆశపడి వచ్చిన కుర్రాడికి మన దగ్గర దొరికే జవాబులు రెండు. "నీ వల్ల కాదులే" అన్నది ఒకటి. "నేనున్నాగా, పద" అన్నది రెండోది. మొదటిది అహంకారం, రెండోది ఆప్యాయత. నన్నడిగితే ఆప్యాయతకే ఎక్కువ భయపడాలి.

మన పల్లెల్లో ఈత నేర్పడమంటే వీపుకు సొరకాయ బుర్ర కట్టి బావిలోకి తోసేయడమే. పిల్లవాడు నాలుగు గుక్కలు నీళ్లు తాగినా పైన ఆకాశం ఉంటుంది, గట్టు మీద మేనమామ ఉంటాడు. ఫ్లోరిడా ఊటగుహల్లో తల ఎత్తితే తగిలేది సున్నపురాయి. బయటికి దారి, వెళ్లిన దారే. ఫిన్ అడుగున తగిలి ఒండ్రు లేచిందంటే చేతిలో ఉన్న లైటు కూడా కనిపించదు. ఆ గుహల్లో చాలావాటి ముఖద్వారం దగ్గర నీళ్లలోనే ఒక బోర్డు ఉంటుంది. కొడవలి పట్టిన మృత్యువు బొమ్మ, దాని పక్కన హెచ్చరిక: ఇలాంటి గుహల్లో 300 మందికి పైగా డైవర్లు చనిపోయారు, వాళ్లలో ఓపెన్ వాటర్ శిక్షకులు కూడా ఉన్నారు. ఆ చివరి ముక్క కొత్తవాళ్ల కోసం రాసింది కాదు.

ఈ చావులను వరసగా పేర్చి చదివినవాడు షెక్ ఎక్స్‌లీ, ఫ్లోరిడాలో లెక్కల మాస్టారు. 1979లో ఆయన తెచ్చిన 'బేసిక్ కేవ్ డైవింగ్: ఎ బ్లూప్రింట్ ఫర్ సర్వైవల్' ప్రమాదాల మీదే నడిచే చిన్న పుస్తకం. బయటిదాకా తెగకుండా తాడు లేకపోవడం, తిరుగు ప్రయాణానికి గాలి మిగల్చకపోవడం, మామూలు గాలితో మరీ లోతుకు దిగడం: కారణాలు పదేపదే ఇవే. శిక్షణ, సరిపడా లైట్లు లేకపోవడం ఆ తర్వాత జాబితాలో చేరాయి.

ఇందులో గాలి లెక్కనే తీసుకోండి. మూడో వంతు వాడి లోపలికి, మూడో వంతుతో బయటికి, మూడో వంతు నిల్వ. అందరికీ కంఠతా వచ్చు. కారణం మాత్రం ఎంతమంది చెబుతున్నారు? గుహలో అన్నిటికన్నా దూరాన ఉండగా తోటివాడి గాలి మొత్తం పోయిందనుకోండి. నా దగ్గర మూడింట రెండు వంతులుంది, ఇద్దరికీ చెరో వంతు. గుమ్మం చేరేసరికి సరిగ్గా సున్నా. అదీ ఇద్దరి సిలిండర్లూ సమానమై, ఇద్దరూ నింపాదిగా ఊపిరి తీస్తేనే. భయంలో నింపాది ఎక్కడిది? ఊటగుహలో ప్రవాహం బయటికి నెడుతుంది కాబట్టి కాస్త కలిసొస్తుంది. నీళ్లు లోపలికి లాగే గుహలో ఈ మూడో వంతు చాలనే చాలదు. ఇదంతా కాగితం మీద వేసి చూపిస్తే, ఎక్కడ తిరగాలో కుర్రాడే తేల్చుకుంటాడు. ఉత్త సూత్రం అప్పజెప్పి పంపితే, నీరు మారినప్పుడు దాన్ని మార్చుకోవడం వాడికి తెలియదు.

అనుభవం ఉంటే చాలనుకునేవాళ్లకు ఇంకో సంగతి. ఆ ఎక్స్‌లీయే 1994 ఏప్రిల్ 6న మెక్సికోలోని సకటోన్ నీటిబిలంలో, 260 మీటర్లు దాటిన లోతులో చనిపోయాడు. నియమాలు రాసినవాడికీ నీళ్లు మినహాయింపు ఇవ్వలేదు.

మళ్లీ కొత్తవాళ్ల దగ్గరికి వస్తే, విశాఖ రుషికొండ దగ్గర మొదటిసారి మాస్కు పెట్టుకున్న అబ్బాయి ఆ రాత్రే, వదిలిన ఊపిరినే మళ్లీ పీల్చనిచ్చే రీబ్రీదర్ వీడియోలు చూస్తాడు. చూడనివ్వండి. ఆ ఉత్సాహాన్ని వెటకారం చేస్తే మన దగ్గరికి రావడం మానేస్తాడు, తేలిగ్గా కార్డు ఇచ్చేవాడి దగ్గరికి పోతాడు. నీళ్లలో కదలకుండా ఒకే లోతులో నిలబడగలవా అని ముందు అడగండి. ఇక రీబ్రీదర్ అంటారా, అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసుకుంటుంది కాబట్టి ఆక్సిజన్ తగ్గినా ఊపిరాడని బాధ ఉండదు, నేరుగా స్పృహే పోతుంది. ఈ ఒక్క వాక్యం అర్థమైతే చాలామందికి తొందర దానంతటదే తగ్గుతుంది.

గుహ డైవర్లలో పాత కట్టుబాటు ఒకటుంది: ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండానైనా డైవ్ ఆపేయవచ్చు. కొత్తవాడికి ఈ హక్కుందని చెప్పడం సులువు. గురువు ముందు, డైవ్ ఆపుదామని బొటనవేలు పైకి చూపించడానికి వాడికి మొహమాటం. ఆ పని ముందు మనమే చేసి చూపించాలి, పెద్ద కారణం లేనప్పుడు కూడా.

అందుకే మధ్యాహ్నం చర్చలో సీనియర్లు తాము మధ్యలో ఆపేసిన డైవ్‌ల గురించే మాట్లాడాలని నిర్వాహకులను ఒప్పించాను. ఎవరు ఎంత లోతుకు వెళ్లారన్నది టీ విరామంలో చెప్పుకోవచ్చు. మొదటి పత్రం చదివేవారు వేదిక మీదికి రండి.