పాలారు బావుల లెక్క



నీటి ప్రణాళిక అనగానే మనం ఆనకట్టలు లెక్కపెడతాం. కుప్పం మీదుగా దిగే పాలారుపై ఆంధ్ర, తమిళనాడు గొడవ కూడా చెక్‌డ్యాముల ఎత్తు గురించే. బాగాయంలో కూడుకున్న మనం ఇంకో లెక్క అడగాలి. ఇక్కడి తోళ్ళ పరిశ్రమల మురుగువల్ల దాదాపు 35,000 హెక్టార్లు పూర్తిగానో కొంతవరకో సాగుకు పనికిరాకుండా పోయాయని 1996 సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. పాడుచేసినవారే మూల్యం చెల్లించాలన్నది. 2025 జనవరిలో అదే మాట మళ్ళీ చెప్పాల్సి వచ్చింది!

ఫిలిష్తీయులు పూడ్చిన బావులను ఇస్సాకు తిరిగి త్రవ్వించాడు. వాటిలో ఉన్నది మట్టే. పాలారు ఒడ్డు బావుల్లో దిగింది ఉప్పు, క్రోమియం. ఎంత త్రవ్వినా పోవు.

ఫ్యాక్టరీలు మూసేయమనడం తేలిక. ఆ తొట్లలో దిగేవారిలో ఎక్కువమంది దళితులు, వారి కూలి మాటేమిటి? నీటి సమావేశాల్లో వారికీ, బావి చెడిన రైతుకూ ముందు వరుసలో కుర్చీ వేయించమని కలెక్టరుగారిని మనం కలిసి అడుగుదాం.