ల్యాబులు మన గడ్డ మీదనే.. గేట్లు మన పిల్లలకెప్పుడు?

(ఖాజాగూడలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సభలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు నన్ను పిలిచినప్పుడు "సార్, నాలుగు మాటలు ఉద్యమం గురించి చెప్పండి" అన్నారు. నేను పంతులును. ఏండ్ల తరబడి బోర్డు మీద కప్ప గుండె, మనిషి మూత్రపిండం బొమ్మలు గీసి పాఠం చెప్పుకుంట వచ్చినోన్ని. అందుకే నాకు తెలిసిన ముచ్చటే చెప్త. మన జిల్లాల డిగ్రీ కాలేజీల్లోని బయాలజీ డిపార్టుమెంట్లు, ఈ గడ్డ మీదున్న పెద్ద యూనివర్సిటీలు, పరిశోధనా సంస్థలు కలిసి మన పిల్లలకు డిగ్రీ ఎందుకు చెప్పకూడదు? ఇదే నా ప్రశ్న.

మనం కూసున్న ఈ ఖాజాగూడ నుంచి ఒకసారి చుట్టూ చూడండి. ఒక దిక్కు రాయదుర్గం, ఒక దిక్కు నానక్‌రాంగూడ, ఇంకో దిక్కు మణికొండ. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఇవన్నీ ఊర్లు. ఇప్పుడు అద్దాల మేడలు. కొంచెం ముందుకు పోతే గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ. నగరానికి అవతలి కొసన హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ. శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ. జీవశాస్త్రంలో దేశానికే దారి చూపే సంస్థలు ఒక్క నగరంలో ఇన్ని ఉండుడు అరుదు. మరి ఈ సంస్థల లోపల మన అచ్చంపేట, ఆసిఫాబాద్, నారాయణఖేడ్ డిగ్రీ పిల్లలు ఎంతమంది ఉన్నరు? ఈ ప్రశ్న అడిగితే ఎవరూ జవాబు చెప్పరు, ఎందుకంటే ఎవరూ లెక్క పెట్టలేదు.

మా కాలేజీ ముచ్చట ఒకటి చెప్త. నల్లమల అంచున ఉన్న తండా నుంచి ఒక అమ్మాయి బీఎస్సీలో చేరింది. డీఎన్‌ఏ పాఠం అడిగితే గడగడ చెప్పేది. కానీ మూడేండ్లల్ల ఒక్కసారి కూడా పీసీఆర్ మిషన్‌ను కండ్ల చూడలేదు. పుస్తకంలో బొమ్మ చూసి, పరీక్షలో బొమ్మ గీసి ఫస్ట్ క్లాసు తెచ్చుకుంది. నగరంలోని ఒక సంస్థలో వేసవి శిక్షణకు నేనే దరఖాస్తు పెట్టించిన. సీటు వచ్చింది. హాస్టల్ లేదన్నరు. స్టైపెండ్ లేదన్నరు. అక్కడ చేసిన పనికి డిగ్రీలో మార్కులు కలవవన్నరు. చుట్టాలింట్ల ఉండి రోజుకు రెండు బస్సులు మారి వారం తిరిగింది. ఎనిమిదో నాడు సంచి సదురుకొని ఊరికి పోయింది. తప్పు ఆ పిల్లది కాదు. ఆ సంస్థలోని సార్లు కూడా మంచోళ్లే. మా కాలేజీకీ ఆ సంస్థకూ నడుమ రాతపూర్వకంగా ఒక ఒప్పందం లేదు. ఉంటే ఆ పిల్లకు మంచం దొరికేది, మార్కులు దొరికేవి.

కొందరు అంటరు, ఇదంతా విదేశాల పద్ధతి, మనకు కుదరదని. చరిత్ర తెలియక అనే మాట ఇది. నిజాం కాలేజీ 1887లో మొదలైంది. పాఠం చెప్పింది హైదరాబాద్‌లో, డిగ్రీ ఇచ్చింది మద్రాసు యూనివర్సిటీ. 1947లో ఉస్మానియాలో భాగమయ్యేదాకా అరవై ఏండ్లు ఆ పద్ధతే నడిచింది. అంటే ఒక ఊరి కాలేజీ, ఇంకో ఊరి యూనివర్సిటీ కలిసి పట్టా ఇచ్చుడు మన తాతల నాటి ముచ్చట. 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది కూడా ఇక్కడనే, సికింద్రాబాద్‌లో. బేగంపేటలోని ఆ భవనం తర్వాత ఉస్మానియా చేతికొచ్చింది. జీవశాస్త్రం మనకు కొత్త చుట్టం కాదు.

1918లో ఉస్మానియా మొదలైనప్పుడు సైన్సును ఉర్దూలో చెప్పాలని నిర్ణయించి, పుస్తకాలు తర్జుమా చేయడానికే ఒక సంస్థను పెట్టిన్రు. పిల్లవాని భాషలో సైన్సు చెప్పొచ్చని ఈ నగరం వందేండ్ల కిందనే చూపించింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ల వస్త.

ఇగ గచ్చిబౌలి యూనివర్సిటీ సంగతి. అది ఎవరి దయతో వచ్చింది? 1969లో తెలంగాణ పిల్లలు తూటాలకు ఎదురు నిలిచిన్రు. 1972లో కోస్తాలో జై ఆంధ్ర లేచింది. ఆ రెండు ఉద్యమాల తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం తెచ్చిన్రు. అందులో ఒక సూత్రం హైదరాబాద్‌లో కేంద్ర విశ్వవిద్యాలయం. దానికోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చిన్రు. 1974లో చట్టం చేసి, అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలుపెట్టి, తర్వాత గచ్చిబౌలికి తరలించిన్రు. సుమారు 2,300 ఎకరాల భూమి ఇచ్చిన్రు. భూమి మనది, ఉద్యమం మనది. అయితే స్థానికులకు 85 శాతం సీట్ల నియమం రాష్ట్ర యూనివర్సిటీలకే వర్తించింది. సెంట్రల్ యూనివర్సిటీలో అడ్మిషన్ అఖిల భారత స్థాయిలో.

బయటి పిల్లలను వెళ్లగొట్టమని నేనంటలేను. మణిపూర్ పిల్లగాడు, కేరళ పిల్ల ఇక్కడికొచ్చి చదువుకుంటే అది హైదరాబాద్‌కే గౌరవం. కానీ కోటా లేని చోట మన పిల్లలు లోపలికి పోయే ఇంకో తొవ్వ కావాలె. ఆ తొవ్వే కాలేజీకీ, యూనివర్సిటీకీ నడుమ ఉమ్మడి కోర్సు.

ఇది అయ్యే పనేనా అంటే, పెద్ద సంస్థలు తమలో తాము ఎప్పటి నుంచో చేస్తనే ఉన్నయి. 1977లో మొదలైన సీసీఎంబీ స్వయంగా డిగ్రీ ఇచ్చే సంస్థ కాదు. అక్కడి పరిశోధక విద్యార్థులు చాలామంది ఏండ్ల తరబడి ఢిల్లీ జేఎన్‌యూలో రిజిస్టర్ అయి పీహెచ్‌డీ పట్టా తీసుకున్నరు. పని హబ్సిగూడలో, పట్టా ఢిల్లీలో. సీడీఎఫ్‌డీ విద్యార్థులకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, మణిపాల్ యూనివర్సిటీ పట్టాలిచ్చినయి. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రితో కలిసి సెంట్రల్ యూనివర్సిటీ ఆప్టోమెట్రీ కోర్సు నడిపింది. పాఠం ఒకచోట, రోగులు ఒకచోట, పట్టా ఒకటి. పీహెచ్‌డీకి హైదరాబాద్‌కూ ఢిల్లీకీ నడుమ ఒప్పందం కుదిరినప్పుడు, బీఎస్సీకి గచ్చిబౌలికీ గద్వాలకూ నడుమ ఎందుకు కుదరదు?

"జిల్లా పిల్లలు వారం వారం నగరానికి ఎట్ల వస్తరు సార్?" అని అడుగుతరు. లెక్క చూద్దాం. మనకిప్పుడు క్రెడిట్ల పద్ధతి ఉన్నది. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ పొడుగునా వారానికి ఒక గంట పాఠం, లేదా రెండు గంటల ప్రయోగం. నాలుగు క్రెడిట్ల ప్రయోగ పేపరంటే వారానికి ఎనిమిది గంటలు. 15 వారాలకు 120 గంటలు. ఈ 120 గంటలను రోజుకు ఆరు గంటల చొప్పున పంచితే ఎన్ని రోజులు? ఇరవై రోజులు. అంటే ఒక వేసవి సెలవుల్లో ఇరవై రోజులు హాస్టల్ మంచం, మెస్సు భోజనం ఇస్తే, మన పిల్ల డీఎన్‌ఏ తీసుడు, పీసీఆర్ నడుపుడు, జెల్ మీద చూసుడు చేతులార నేర్చుకొని పోతది. సెలవుల్లో యూనివర్సిటీ హాస్టళ్లలో ఖాళీ అయ్యే గదులు ఉంటయి. మిషన్లు కొనే పని లేదు, భవనం కట్టే పని లేదు. కావాల్సింది రెండు సంతకాలు, ఒక సెనేటు తీర్మానం, కొద్దిపాటి ఖర్చు.

ఆ క్రెడిట్లు పోకుండ దాచే ఏర్పాటు కూడా వచ్చింది. యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. ఒక సంస్థలో సంపాదించిన క్రెడిట్లు పిల్లవాని ఖాతాలో పడతయి, ఇంకో సంస్థ డిగ్రీకి వాడుకోవచ్చు. ఏడేండ్ల దాకా చెల్లుతయి. బ్యాంకు తెరిచిన్రు గానీ మన పిల్లల ఖాతాలో వేసే పైసలేవి? ఒప్పందాలు లేకుంటే ఆ ఖాతా ఖాళీ పాసుబుక్కే.

తల్లిదండ్రులు, ఉద్యోగులు ఇప్పుడు జర జాగ్రత్తగ వినాలె. ఈ కారిడార్‌లో పెద్ద పెద్ద బోర్డులు కనిపిస్తయి. ఇక్కడ రెండేండ్లు, విదేశంలో రెండేండ్లు, చేతికి ఫారిన్ డిగ్రీ అని. యూజీసీ 2022లో దీనికి నిబంధనలు పెట్టింది. మూడు రకాలున్నయి. ట్విన్నింగ్‌లో విదేశంలో చదివే క్రెడిట్లు 30 శాతం మించొద్దు, పట్టా ఇచ్చేది మన సంస్థ. జాయింట్ డిగ్రీలో రెండు సంస్థల్లో కనీసం 30 శాతం చొప్పున చదవాలె, ఒకే పట్టా మీద ఇద్దరి పేర్లుంటయి. డ్యూయల్ డిగ్రీలో రెండు పట్టాలు, కానీ కనీసం 30 శాతం ఇక్కడ చదవాలె. ఫ్రాంచైజీ దుకాణం పద్ధతి చెల్లదని అందులోనే రాసి ఉన్నది. కాబట్టి డబ్బు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. పట్టా మీద ఎవరి పేరుంటది? క్రెడిట్లు ఎక్కడెక్కడ ఎన్ని? ల్యాబులో ఎన్ని గంటలు? పిల్లవాడు నడుమ ఆగిపోతే చేసిన చదువుకు విలువ ఉంటదా? జవాబు కాగితం మీద ఇవ్వనోళ్లకు చెక్కు ఇవ్వకండి.

ఆ నిబంధనల్లో ఇంకో సంగతి ఉన్నది. విదేశీ ఒప్పందానికి మన సంస్థకు న్యాక్‌లో కనీసం 3.01 మార్కు ఉండాలె, లేదా జాతీయ ర్యాంకుల్లో మొదటి వంద యూనివర్సిటీల్లో ఉండాలె, లేదా కేంద్రం శ్రేష్ఠ సంస్థగా గుర్తించి ఉండాలె. లెక్చరర్ పోస్టులు ఖాళీగా పెట్టి, ల్యాబ్ అసిస్టెంటే లేని జిల్లా కాలేజీకి ఆ మార్కు ఎట్ల వస్తది? లండన్ తొవ్వ ఉన్నోనికి తెరిచిన్రు. లేనోనికి కనీసం గచ్చిబౌలి తొవ్వన్న తెరవాలె గద!

ఇది ఒకరు పెట్టి, ఇంకొకరు పుచ్చుకునే బేరం కాదు. యూనివర్సిటీకి మిషన్లున్నయి, మన కాలేజీలకు అడవులున్నయి, చెరువులున్నయి. ఈ ఖాజాగూడ గుట్టల రాళ్లు 250 కోట్ల ఏండ్ల నాటివని భూశాస్త్రం చెప్తది. ఆ గుట్టల మీది బల్లులు, గడ్డి, పక్కన పెద్ద చెరువులోని నాచు, ఇవన్నీ పాఠాలే. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టినప్పుడు విద్యార్థులు అడ్డం నిలిచిన్రు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేత ఆపమన్నది. ఆనాడు అందరూ అడిగిన ప్రశ్న, అక్కడ ఏయే జీవులున్నయని. ఆ జాబితాలు ఏటేటా రాసే పని డిగ్రీ పిల్లలకు క్రెడిట్ కోర్సుగా ఇస్తే, ఇంకోసారి బుల్డోజర్ వచ్చేనాటికి మన చేతుల కాగితముంటది.

ఇగ మన డిమాండ్లు. ఒకటి, ప్రతి రాష్ట్ర యూనివర్సిటీ పరిధిలో కనీసం కొన్ని ప్రభుత్వ డిగ్రీ కాలేజీల బయాలజీ డిపార్టుమెంట్లతో సెంట్రల్ యూనివర్సిటీ, పరిశోధనా సంస్థలు రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలె. రెండు, ఇరవై రోజుల ల్యాబుకు డిగ్రీలో నాలుగు క్రెడిట్లు, పిల్లలకు మంచం, భోజనం, బస్సు పాసు. మూడు, ల్యాబు మాన్యువల్ ఇంగ్లీషుతో పాటు తెలుగులో, ఉర్దూలో. 1918లో అయిన పని ఇప్పుడెందుకు కాదు? నాలుగు, జిల్లా కాలేజీ లెక్చరర్ కూడా పిల్లలతో పాటు ల్యాబుకు పోవాలె, లేకుంటే తిరిగొచ్చినంక ఆ విద్య కాలేజీల నిలవదు. ఐదు, పట్టా మీద మన కాలేజీ పేరు ఉండాలె. అచ్చంపేట పేరు చెరిపేసి ఇచ్చే పట్టా మనకొద్దు.

ఉద్యోగ మిత్రులారా, ఈ కారిడార్‌లో మీరు రోజూ ఒప్పందాలు రాస్తుంటరు. మీ ఊరి కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఒక ముసాయిదా రాసిపెట్టండి, చాలు. విద్యార్థులారా, వినతిపత్రం మీద మీ సంతకాలతో పాటు మీ సబ్జెక్టు సార్ల సంతకాలు కూడా పెట్టించండి. 2014లో రాష్ట్రం వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాల లెక్క అడుగుతనే ఉన్నం, అడగాలె కూడా. నియామకం కన్నా ముందు చదువుంటది, చదువు నిలిచేది ల్యాబుల. అందుకే ఆ లెక్క గూడ అడుగుదాం.

మా తండా పిల్ల ఇప్పుడు బీఈడీ చేస్తున్నది. రేపు టీచరై పిల్లలకు డీఎన్‌ఏ పాఠం చెప్తది. ఆ పిల్ల చెప్పే పాఠం విన్నోళ్లన్న, ఆ మిషన్ను కండ్ల చూడాలని నా కోరిక.

జై తెలంగాణ!