కలిసి పనిచేసేవారి స్వభావములు

(డయాసిస్ సంస్థల పనివారి సదస్సులో చేసిన ప్రసంగము)



ఒకేచోట పనిచేసేవారు ఒకరి స్వభావమును ఒకరు ఎట్లు అర్థము చేసికోవాలి అనే అంశమును గూర్చి మాట్లాడమని కార్యదర్శిగారు మమ్ములను కోరారు. అంశము పాతదే గాని ఇప్పుడు దానికి క్రొత్త వేషము వచ్చింది. హైదరాబాదులోను బెంగుళూరులోను కంపెనీలలో పనిచేస్తున్న మన సంఘపు పిల్లలు క్రిస్మసు సెలవులకు ఇంటికి వచ్చినపుడు నాలుగేసి అక్షరములతో తమ్మును తాము పరిచయము చేసికొనడము మీలో కొందరు వినే ఉంటారు. ఒకరు "ఐ.ఎన్.ఎఫ్.జె." అంటారు. మరొకరు "ఇ.ఎస్.టి.పి." అంటారు. ఇవేవో క్రొత్త డిగ్రీలనుకొని సంతోషించిన తాతగారు కూడ ఒకరున్నారు! అవి డిగ్రీలు కావు. మైయర్స్-బ్రిగ్స్ అనే ప్రశ్నావళికి జవాబులు గుర్తుపెట్టినవారికి వచ్చే స్వభావపు గుర్తులు. చాలా కంపెనీలలో శిక్షణ తరగతులలో ఈ ప్రశ్నావళిని ఇస్తున్నారు. రేపో మాపో మన సంస్థలలోకి కూడ రాకపోదు. కనుక అది ఎక్కడనుండి వచ్చిందో, దానిలో మనకు పనికివచ్చేది ఎంతో, దానిని ఎందుకు వాడకూడదో ఈ పూట ఆలోచించుదాము.

మనుషులను రకములుగా పంచి చూడడము ఈనాటిది కాదు. రెండవ శతాబ్దపు వైద్యుడు గాలెన్ దేహములోని నాలుగు రసములనుబట్టి మనిషి గుణమును చెప్పాడు. మన వైద్యులు వాత పిత్త కఫములన్నారు. "ఆయనది పిత్తప్రకృతి, పొద్దున్నే కదిలించకు" అని మన ఇళ్లలో ఇప్పటికీ అంటారు.

నేటి అక్షరములకు మూలపురుషుడు కార్ల్ యుంగ్. 1875లో స్విట్జర్లాండులో పుట్టాడు. తండ్రి పాదిరి. అయితే తండ్రి విశ్వాసముతో ఆ కుమారునికి చివరివరకు పేచీయే. (పాదిరుల ఇండ్లలో ఇది అరుదేమీ కాదు.) ఫ్రాయిడ్, ఆడ్లర్ అనే ఇద్దరు మేధావులు ఒకే రోగమునకు రెండు వేరువేరు కారణములు చెప్పడము యుంగ్‌ను ఆలోచింపజేసింది. తేడా రోగిలో లేదు, చూచేవారిలో ఉన్నదా? ఆ ప్రశ్నను వెంబడించి 1921లో ఆయన మనస్తత్వపు రకములను గూర్చి పెద్ద గ్రంథము ప్రచురించాడు. బహిర్ముఖులు, అంతర్ముఖులు అనే మాటలు అక్కడనుండే లోకమంతటికీ వ్యాపించాయి.

ఆ గ్రంథమును ప్రశ్నల కాగితముగా మార్చినవారు అమెరికాలో ఒక తల్లి, ఒక కుమార్తె. తల్లి కేథరిన్ బ్రిగ్స్, కుమార్తె ఇసబెల్ మైయర్స్. కుమార్తె పెండ్లాడదలచిన అబ్బాయి మంచివాడే గాని, ఆ ఇంటివారు ఆలోచించే పద్ధతికి అతని పద్ధతికి పొంతన కుదరలేదట. అల్లుడిని అర్థము చేసికొనుటకు అత్తగారు మొదలుపెట్టిన విచారణ ఇంత దూరము వచ్చింది. మన అత్తగార్లు గమనించవలసిన సంగతి! ఇద్దరిలో ఎవరూ మనస్తత్వశాస్త్రములో పట్టము పొందినవారు కారు. కుమార్తె అంతకుముందు డిటెక్టివ్ నవల వ్రాసి బహుమతి కూడ పొందింది. రెండవ ప్రపంచయుద్ధ కాలములో, ఎవరికి తగిన పని వారికి దొరికితే లోకములో కొంత బాధ తగ్గుతుందనే ఆశతో ఇసబెల్ ఈ ప్రశ్నలను కూర్చనారంభించింది. 1962లో ఒక పరీక్షల సంస్థ దానిని మొదట ప్రచురించింది. 1980లో ఆమె మరణించింది. అదే సంవత్సరము వెలువడిన ఆమె పుస్తకమునకు పెట్టిన పేరు రోమీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయములోనిది. వరములు వేరువేరని పౌలు చెప్పిన ఆ చోటనుండే ఆమె తన పుస్తకము పేరు తీసికొన్నది. ఈ అంశము మన సదస్సుకు బొత్తిగా పరాయిది కాదని చెప్పుటకే దీనిని జ్ఞాపకము చేస్తున్నాము.

ఇక ఆ అక్షరముల సంగతి. నాలుగు జతలున్నవి. ప్రతి జతలో ఒకటి మీకు దగ్గరగా ఉంటుందంటారు. అట్లు 16 రకములు. ఇక్కడ ఒక మాట బాగా పట్టుకోవాలి. ఇది సామర్థ్యమును గూర్చినది కాదు, మొగ్గును గూర్చినది. మీరు సంతకము ఏ చేతితో చేస్తారు? రెండవ చేతితో కూడ చేయగలరు. గాని వంకరగా వస్తుంది, సమయము పడుతుంది, మనసంతా దానిమీదనే పెట్టాలి. పురచేతివాటపు పిల్లవానిని వ్రేళ్లమీద కొట్టి కుడిచేత వ్రాయించిన బడులను మనలో పెద్దవారు చూచినవారే. వాడు వ్రాశాడు. ఎంత కష్టముతో వ్రాశాడో కొట్టినవారికి తెలియలేదు.

మొదటి జత మన సంస్థలలో అన్నింటికన్న ఎక్కువ చిక్కు తెచ్చేది. బహిర్ముఖుడు మాట్లాడుతూ ఆలోచిస్తాడు. అంతర్ముఖుడు ఆలోచించిన తరువాత మాట్లాడుతాడు. స్టాఫ్ మీటింగు జరుగుతుంది. హెడ్మాస్టరుగారు, "వార్షికోత్సవము ఎట్లా చేద్దాము, చెప్పండి" అంటారు. ఒక మాస్టారు వెంటనే అయిదు సలహాలు ఇస్తారు. వాటిలో మూడింటిని పది నిమిషములలో ఆయనే కొట్టివేస్తారు. అవి తీర్మానములు కావు, ఆయన బయటికి ఆలోచిస్తున్నారంతే. మూలన కూర్చున్న టీచరమ్మ ఒక్క మాటా మాట్లాడదు. మీటింగు ముగిసి అందరూ టీ త్రాగే వేళకు ఆమెకు మంచి ఆలోచన తట్టుతుంది. అప్పటికి మినిట్స్ వ్రాసేశారు. ఆ మాస్టారును గూర్చి ఈమె "వాగుడుకాయ" అనుకొంటుంది. ఈమెను గూర్చి ఆయన "ఏమీ పట్టనట్టుంటుంది" అనుకొంటారు. ఇద్దరూ పొరపాటే. దీనికి మందు చాలా చౌక. ఎజెండాను ముందురోజే చేతికి ఇవ్వండి. మీటింగులో ఒక విడత అందరూ వరుసగా మాట్లాడాలని పెట్టండి. మరునాడు ఉదయము కూడ వ్రాతమూలకముగా సలహాలు తీసికొంటామని చెప్పండి. ఇంతే.

రెండవ జతను త్వరగా చెప్పుతాము. కొందరికి లెక్క, వివరము, కంటికి కనబడేది ముఖ్యము. మరికొందరికి మొత్తము రూపము, రాబోయేది ముఖ్యము. భవనపు నిధికి రెండవవారు కలలు కంటారు, మొదటివారు రసీదు పుస్తకములు సరిచూస్తారు. ఎవరు లేకపోయినా భవనము లేవదని మీకు తెలుసును.

మూడవ జతలో పేర్లు తికమక పెడతాయి. ఆలోచన, అనుభూతి అని అంటారు గాని, ఒకరికి బుద్ధి లేదనీ మరొకరికి హృదయము లేదనీ కాదు. నిర్ణయము చేసేటప్పుడు ఏది ముందు తూచుతారన్నదే ప్రశ్న. హాస్టలు కుర్రవాడు అమ్మమ్మగారి ఊరినుండి రెండు రోజులు ఆలస్యముగా వచ్చాడు. "నియమము అందరికీ ఒకటే, వీనిని వదిలితే రేపు నలభైమంది ఆలస్యముగా వస్తారు" అంటారు వార్డెనుగారు. "ముందు వాని ముఖము చూడండయ్యా, ఏదో జరిగింది" అంటారు మేట్రనమ్మ. ఇద్దరూ ఆ పిల్లవాని మేలే కోరుతున్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలిస్తే అర్ధగంట వాదము అయిదు నిమిషములలో ముగుస్తుంది.

నాలుగవది, పనిని ముందే తేల్చివేసుకొనేవారు, చివరివరకు తలుపు తెరచి ఉంచేవారు. ప్రశ్నపత్రము గడువుకు పదిరోజుల ముందే ఇచ్చే మాస్టారు ఉంటారు. గడువు రాత్రి కూర్చొని వ్రాసే మాస్టారు ఉంటారు. రెండవవారి ప్రశ్నలు ఒక్కొక్కసారి మరింత బాగుంటాయి. గాని వాటిని టైపు చేసే గుమాస్తా నిద్రను గూర్చి కూడ కొంచెము ఆలోచించాలి. మొగ్గు అనేది పనినుండి మినహాయింపు కాదు. "నా స్వభావమే అంత" అని చెప్పి ఇతరులమీద భారము వేయడమునకు ఏ ప్రశ్నావళీ లైసెన్సు ఇవ్వలేదు.

ఇంతవరకు మంచి చెప్పాము. ఇప్పుడు రెండవ వైపు చూద్దాము.

1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికి వారి స్వభావ వర్ణనము అని ఒక కాగితము ఇచ్చాడు. అది మీకు ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. తరువాత తెలిసినదేమంటే, అందరికీ ఇచ్చినది ఒకే కాగితము! చాలావరకు జ్యోతిషపు పుస్తకమునుండి ఎత్తి వ్రాసినది. కనుక "అచ్చము నన్ను చూచి వ్రాసినట్లున్నది" అనిపించడము ఋజువు కాదు.

మైయర్స్-బ్రిగ్స్ విషయములో మరొక చిక్కున్నది. కొన్ని వారముల తరువాత మళ్లీ అదే ప్రశ్నావళి వ్రాసినవారిలో దాదాపు సగముమందికి వేరే రకము రావచ్చునని పరిశీలించినవారు వ్రాశారు. కారణము కష్టమైనది కాదు. ఈ గదిలో ఉన్నవారందరి ఎత్తు కొలిచి, అయిదున్నర అడుగుల దగ్గర గీత గీసి, పైవారు పొడుగు, క్రిందివారు పొట్టి అన్నామనుకోండి. గీతకు అరంగుళము పైన ఉన్నవారు, అరంగుళము క్రింద ఉన్నవారు నిజానికి ఒక్కటే. చెప్పులు మార్చితే రకము మారుతుంది. మనుషులలో ఎక్కువమంది గీతకు దగ్గరలోనే ఉంటారు. అందుచేతనే నేటి శాస్త్రజ్ఞులు రకములకంటె, అయిదు గుణములలో ఎవరికి ఏది ఎంత పాలు ఉన్నదో కొలిచే పద్ధతిని ఎక్కువగా నమ్ముతున్నారు. మైయర్స్-బ్రిగ్స్‌ను ప్రచురించేవారే దానిని ఉద్యోగులను ఎంపిక చేయుటకు వాడకూడదని స్పష్టముగా చెప్పుతారు.

ఈ చివరి మాటమీద కొంచెము నిలువదలచాము. నియామకపు కమిటీలలో కూర్చొనేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు.

మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు చదువుకోవలసిన అవసరము లేదని, వారు పుట్టిన వాడనుబట్టి వారి పని నిశ్చయమైపోయిందని ఊరు చెప్పింది. పేరు అడిగి, తండ్రి పేరు అడిగి, ఏ వాడ అని అడిగి, ఆ మూడు జవాబులతో మనిషిని తేల్చివేసేవారు. పలకమీద అక్షరము దిద్దించిన బడి వచ్చి ఆ తీర్పును కొంత కొట్టివేసింది. అట్టి చరిత్ర గలిగిన మనము, మరి నాలుగు అక్షరములు తెచ్చి "నీవు ఈ పనికి పుట్టలేదు" అని ఎవరితోనైనా చెప్పవచ్చునా? పాత తీర్పు పుట్టుకను చూపింది. క్రొత్తది కంప్యూటరు కాగితమును చూపుతుంది. మూసిన తలుపు మాత్రము ఒకటే.

మేమెరిగిన ఒక ఆసుపత్రిలో నెమ్మదైన సిస్టరమ్మ ఒకామె ఉన్నది. వార్డు ఇన్‌ఛార్జి స్థానమునకు ఆమె పేరు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లు "ఆమెకు నోరు లేదు, నలుగురిని అదలించలేదు" అని పక్కన పెట్టారు. తరువాత ఇన్‌ఛార్జి సిస్టరు దీర్ఘకాలపు సెలవుమీద వెళ్లవలసివచ్చి, మూడు నెలలు వార్డు ఈమె చేతిలో ఉన్నది. ఈమె అదలించలేదు. ప్రతి డ్యూటీ మార్పుకు చేయవలసిన పనులన్నీ బోర్డుమీద వ్రాసిపెట్టేది. క్రొత్తగా వచ్చిన అమ్మాయిలను ఒక్కొక్కరిని విడిగా పిలిచి తప్పు చెప్పేది. వార్డులో కేకలు తగ్గాయి, మందులు వేళకు అందాయి. సెలవు ముగిసింది, ఆమె మళ్లీ పాత స్థానమునకు వెళ్లింది. కమిటీ పుస్తకములో "నోరు లేదు" అనే అభిప్రాయము ఇప్పటికీ అట్లే ఉన్నది. ఎవరూ దానిని తిరిగి చదవలేదు.

మనిషిమీద వేసిన ముద్రకు ఒక తేదీ ఉండాలి, దానిని తిరిగి చూచే దినము ఉండాలి అని మేము అంటున్నాము. మార్కు అను మారుపేరు గల యోహాను సంగతి మీకు తెలిసినదే. పంఫూలియలో పనిని విడిచి వెళ్లినందున అతనిని మళ్లీ వెంట తీసికొని వెళ్లుటకు పౌలు ఒప్పుకొనలేదు. బర్నబా ఒప్పుకొన్నాడు. ఆ వాదము తీవ్రమై ఇద్దరు గొప్ప సేవకులు విడిపోయారు. ఎవరిది న్యాయమో లూకా చెప్పలేదు. గాని సంవత్సరములు గడిచిన తరువాత చెరసాలలో ఉన్న పౌలు తిమోతికి వ్రాస్తూ, మార్కు తన పరిచర్యకు ప్రయోజనకరమైనవాడనీ, వెంటబెట్టుకొని రమ్మనీ కోరాడు. పౌలు తాను వేసిన ముద్రను తానే తీసివేశాడు. అది అంత పెద్ద మనిషికి కూడ సంవత్సరములు పట్టిన పని.

ఒక ఆచరణ సంగతి చెప్పి ముగిస్తాము. పై అధికారి ఇచ్చిన ప్రశ్నావళికి క్రింది ఉద్యోగి నిజమైన జవాబులు వ్రాయడు. వ్రాయలేడు. "మీరు చురుకైనవారా?" అని మేనేజరుగారు అడిగితే కాదనే గుమాస్తా ఎవరు? కనుక స్వభావమును గూర్చిన ముచ్చట పైనుండి క్రిందికి కాక, పక్కవారితో జరగాలి.

మీ అందరికీ తెల్ల కాగితములు ఇచ్చారు. వాటిమీద పేరు వ్రాయవద్దు, నాలుగు అక్షరములూ వ్రాయవద్దు. "నాతో పని చేయించుకోవాలంటే ఇట్లా చెప్పితే నాకు సులువు" అని రెండు వాక్యములు, "ఇట్లా చెప్పితే నాకు చేయి ఆడదు" అని ఒక వాక్యము వ్రాయండి. వ్రాసి, మీ సంస్థలో మీ పక్క బల్లవద్ద పనిచేసేవారి చేతికి ఇచ్చి, వారి కాగితము మీరు తీసికొనండి. కాగితములను ఎవరూ పోగుచేయరు, ఆఫీసు ఫైలులోనికి పోవు. పదిహేను నిమిషములు తీసికొనండి. టీ సిద్ధముగా ఉన్నదని వంటవారు కబురు పంపారు.