ప్రోగ్రామూ, దాని పరిసరములూ

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి నోట తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "నా కంప్యూటరులో బాగుగనే పనిచేయుచున్నదే!" అనునదే యది. ఆ మాట అనువారు అబద్ధమాడుట లేదు. వారి యెదుట ప్రోగ్రాము నిజముగనే నడచుచున్నది. దానినే మరియొకరి యంత్రమునకు చేర్చినంతనే మొరాయించుచున్నది. క్రొత్తగా ఉద్యోగమున చేరిన యువతి మొదటి కొన్ని దినములు ఒక్క పంక్తియైనను వ్రాయలేక, ఆ ప్రోగ్రామును తన కంప్యూటరుపై నడిపించుకొనుటకే వెచ్చించుట ఈ వృత్తిలో అరుదు కాదు. అంతకంటె విచారకరమైనదేమనగా, ఆ యాలస్యమునకు తన తెలివితక్కువయే కారణమని ఆమె తలపోయును. ఆమె చేతికి ప్రోగ్రాము వచ్చినది గాని, దాని పరిసరములు రాలేదు. ఆ పరిసరములను గూడ మూటగట్టి యిచ్చు పద్ధతిని గూర్చి నేడు ముచ్చటించుకొందము.

పరిసరములనగా నేమి? ఒక గ్రంథాలయము వారు పుస్తకముల లెక్కలకై ఒక వెబ్ అప్లికేషను ఏర్పాటు చేసికొనిరనుకొందము. అది పైథాన్ భాషలో, జాంగో అను చట్రము ననుసరించి వ్రాయబడినది. పుస్తకముల పట్టికయు, సభ్యుల వివరములును పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసులో నుండును. ఇవిగాక చిన్నవి, పెద్దవి పెక్కు ప్యాకేజీలు కావలయును. వీనిలో ప్రతిదానికిని ఒక కూర్పు సంఖ్య కలదు. చిక్కంతయు అచటనే. 2023 అక్టోబరులో వెలువడిన పైథాన్ 3.12 కూర్పునుండి డిస్ట్‌యుటిల్స్ అను పాత భాగమును తొలగించిరి. దానిని నేరుగా వాడుకొను పాత ప్యాకేజీ 3.11 ఉన్న కంప్యూటరులో నడచి, 3.12 ఉన్న కంప్యూటరులో ఆగిపోవచ్చును. అట్లే విండోస్, మాక్ యంత్రములు సాధారణముగా ఫైలు పేరులోని పెద్ద, చిన్న ఆంగ్లాక్షరములకు భేదము పాటింపవు. లైనక్స్ పాటించును. ఇంటిలో నడచిన ప్రోగ్రాము లైనక్స్ నడుచు సర్వరుపై తన ఫైలునే తాను గుర్తింపలేకపోవుటకు ఇంతమాత్రము చాలును.

దీనికి విరుగుడైన కంటైనరు అను పేరు ఓడరేవులనుండి వచ్చినది. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అను అమెరికా లారీ రవాణా వ్యాపారి 58 పెట్టెలను ఐడియల్ ఎక్స్ అను ఓడపై నెవార్క్ రేవునుండి హ్యూస్టనునకు పంపెను. లోపలి సరుకేదైనను పెట్టె కొలత మారదు గనుక, అదే పెట్టె లారీ దిగి ఓడ యెక్కెను. విశాఖ రేవున క్రేనులు అట్టి పెట్టెల నెత్తుట చూచినవారు మనలో కొందరు ఉందురు. కంప్యూటరులో ఒక ప్రోగ్రామును తన హద్దులలో బంధించు యత్నము 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులోని చ్‌రూట్ అను ఆజ్ఞతోనే కలదు. లైనక్స్‌లో తదుపరి సాధనములు కొన్ని యేండ్లలో ఒకటొకటిగా చేరినవి. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ అమెరికాలోని శాంటా క్లారాలో జరిగిన పైథాన్ మహాసభలో డాకరును కొద్ది నిమిషములలో ప్రదర్శించెను. అతడు చూపినది క్రొత్త భౌతిక సూత్రము కాదు. నిపుణులకే పరిమితమైన దానిని సామాన్య ప్రోగ్రామరు చేతికందించుటయే అతని ఘనత.

కంటైనరు సంపూర్ణమైన వేరొక కంప్యూటరు కాదని మొదటనే గ్రహింపవలెను. ఒక పెద్ద యింటిలో వేరు వేరు వాటాలవలె, ప్రతి కంటైనరునకు తన గదులు, తన తాళము ఉండును. పునాది మాత్రము, అనగా లైనక్స్ కెర్నెల్, అందరికిని ఒక్కటే. అందుచేతనే అది క్షణములలో లేచి నిలుచును.

ఇక మన గ్రంథాలయపు పనికి వత్తము. మొదట డాకర్‌ఫైలు అను చిన్న వ్రాతను సిద్ధపరుపవలెను. ఏ పైథాన్ కూర్పుతో ఆరంభింపవలయునో, ఏ ప్యాకేజీలు చేర్పవలయునో, తుదకు ఏ ఆజ్ఞతో నడుపవలయునో అందు వరుసగా నుండును. దానినుండి తయారగు మూసను ఇమేజి యందురు. ఆ మూసనుండి నడచు ప్రతియే కంటైనరు. ఇందు వరుస ముఖ్యము. ప్యాకేజీల జాబితాను ముందు చేర్చి, వానిని స్థాపించి, మన స్వంత వ్రాతను పిమ్మట చేర్పవలెను. ఒక మెట్టు మారినచో దాని తరువాతి మెట్లన్నియు మరల కట్టవలసివచ్చును గనుక, అనుదినము మారునది అడుగున నుండుట మేలు.

కూర్పు సంఖ్య వ్రాయుటకు బద్ధకించి "లేటెస్ట్" అని వ్రాయువారు పెక్కుమంది. మా రేడియోవారి అనుభవముతో పోల్చి చెప్పుదుము. నాటకపు ప్రతిలో "వాన చప్పుడు" అని మాత్రము వ్రాసి వేరొక కేంద్రమునకు పంపినచో, వారు తమ వానను కురిపింతురు. అది మన వాన కాదు. నేటి లేటెస్టు ఆరు మాసముల తరువాతి లేటెస్టు కాజాలదు.

అప్లికేషను ఒక కంటైనరులోను, పోస్ట్‌గ్రెస్ వేరొక కంటైనరులోను ఉండుట వాడుక. ఈ రెంటిని కలిపి నడుపుటకు కంపోజ్ ఫైలు కలదు. క్రొత్తవారు మిక్కిలి తికమకపడునది ఇచటనే. లోకల్‌హోస్ట్ అనగా "ఈ యంత్రమే" అని గదా అర్థము. అప్లికేషను కంటైనరు లోపల నుండి ఆ పేరు పలికినచో, అది ఆ కంటైనరునే సూచించును గాని పొరుగునున్న డేటాబేసును కాదు. పొరుగువానిని అతని పేరుతోనే పిలువవలెను. కంపోజ్ ఫైలులో డేటాబేసునకు "డీబీ" యని పేరు పెట్టినచో, అప్లికేషను "డీబీ" అను చిరునామాకు 5432వ పోర్టున పోవలెను. బ్రౌజరు నడుచునది కంటైనరుకు వెలుపల గనుక, దానికై 8000వ పోర్టును ప్రత్యేకముగా తెరువవలెను.

మరియొక చిక్కు. డేటాబేసు లేచుట వేరు, పలుకుటకు సిద్ధపడుట వేరు. దుకాణపు తలుపు తెరచినంతమాత్రమున బేరము మొదలుకాదు గదా! కంపోజునకు "డీబీ తరువాత వెబ్" అని చెప్పిన నది తలుపు తెరచుటను మాత్రమే చూచును. పీజీ-ఈజ్‌రెడీ అను ఆజ్ఞతో డేటాబేసు ఆరోగ్యపరీక్షను వ్రాసి, ఆ పరీక్ష నెగ్గిన పిదపనే అప్లికేషనును లేపుమని చెప్పవలెను. ఇది చేయనిచో, ఒకనాడు నడచి మరునాడు నడవని విచిత్ర వ్యాధి పట్టును. అన్నిటికంటె విసుగు పుట్టించు వ్యాధి యదియే.

డేటా సంగతి మరింత జాగ్రత్తగా చూడవలెను. కంటైనరును తీసివేసినచో అందు వ్రాసినదంతయు దానితోనే పోవును. కనుక పోస్ట్‌గ్రెస్ వ్రాతలను వాల్యూమ్ అను వెలుపలి నిల్వలో నుంచవలెను. "కంపోజ్ డౌన్" అను ఆజ్ఞ పేరు పెట్టిన వాల్యూమును ముట్టదు. ఆ యాజ్ఞ చివర చిన్న "వి" అను గుర్తు చేర్చినచో, ఒక్క ప్రశ్నయైనను అడుగక దానిని తుడిచివేయును. పరీక్షకై నెలల తరబడి కూర్చుకొనిన సమాచారము ఒక్క యక్షరముతో పోగలదు. అట్లే, నిజమైన సభ్యుల వివరములను, రహస్యపదములను ఇమేజిలో కలిపి కట్టుట మహాదోషము. ఇమేజి చేతులు మారునట్టిది. అడుగు పొరలో చేరిన రహస్యము పై పొరలో చెరపినను అడుగున నిలిచియే యుండును.

ఈ పద్ధతి ఉచితముగా రాదు. మాక్, విండోస్ యంత్రములపై లైనక్స్ కెర్నెల్ లేదు గనుక, డాకరు తెరవెనుక ఒక చిన్న లైనక్స్ యంత్రమును నడుపును. కొద్దిపాటి మెమరీగల ల్యాప్‌టాపునకు అది బరువే. 2020 నవంబరునుండి ఆపిల్ సంస్థ తన స్వంత ప్రాసెసర్లతో మాక్‌లను విక్రయించుచున్నది. ఇంటెల్ ప్రాసెసరునకై కట్టిన ఇమేజి వానిపై అనుకరణ ద్వారా నెమ్మదిగా నడచును, లేదా నడువనే నడువదు. కంటైనరుతో భేదములన్నియు మాసిపోవునని చెప్పువారి మాట మాకు అంతగా రుచింపదు. భేదములు తగ్గును. మిగిలినవి ఏ ఫైలులో వెదకవలెనో తెలియును. పెద్దల జ్ఞాపకములో దాగియుండిన సంగతులు కాగితమునకు ఎక్కుటయే మా దృష్టిలో అసలు లాభము.

కొన్ని మాసములు వాడిన పిదప పాత ఇమేజిలు పేరుకొని డిస్కు నిండును. "సిస్టమ్ ప్రూన్" అను ఆజ్ఞ వానిని ఊడ్చివేయును. ప్రత్యేకముగా కోరిననే తప్ప అది వాల్యూముల జోలికి పోదు. అయినను, ఊడ్చుటకు ముందు పీజీ-డంప్ అను సాధనముతో డేటాబేసునకు ఒక నకలు తీసి వేరుచోట భద్రపరచుకొనవలెను.