ఆవు వ్యాసం ఇక చాలు

 

ఉపాధ్యాయ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామందికి మొదటి ఉద్యోగం ప్రాథమిక పాఠశాలలోనే వస్తుంది. ఒకటి, రెండు తరగతులు మీ చేతిలో పెడతారు. కొత్తవాళ్ళకే అవి ఎందుకిస్తారో వెళ్ళిన వారంలోనే తెలుస్తుంది లెండి. అందుకే ఆ చిన్న తరగతుల్లో రాత గురించి మాట్లాడదామనుకున్నాను. కథలు, గేయాలు కాదు, పిల్లలు తమకు తెలిసిన నిజాన్ని రాయడం గురించి.

మనందరం ఆవు వ్యాసం రాసినవాళ్ళమే. ఆవు సాధు జంతువు, దానికి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక. రాష్ట్రమంతా అదే ఆవు! రాస్తున్న పిల్లవాడి ఇంట్లో గేదె ఉంటుంది. దూడ కుడవనిదే అది చేపదని, అమ్మ తప్ప ఇంకెవరు పొదుగు పట్టినా తంతుందని వాడికి తెలుసు. అందులో ఒక్క ముక్కా నోటుబుక్కులోకి రాదు. మనం అడిగితే కదా!

ఆవు వ్యాసం ఒక అడ్డంకి అయితే, రెండోది ఒత్తుల భయం. అక్షరాలు రావాలి, గుణింతాలు రావాలి, ఒత్తులు రావాలి, ఆ తర్వాతే సొంత వాక్యం అంటాం. ఈలోగా మూడో తరగతి వచ్చేస్తుంది. రాయడమంటే బోర్డు మీద ఉన్నది దించుకోవడమేనని అప్పటికే పిల్లల మనసులో పాతుకుపోతుంది. అంతవరకూ ఆగకండి. ముందు గేదె బొమ్మ వేయమనండి. కొమ్ము దగ్గర ‘కొమ్ము’, పొదుగు దగ్గర ‘పొదుగు’ అని రాస్తే అదీ రాతే. కొన్నాళ్ళకు బొమ్మ కింద ఒక వాక్యం వస్తుంది. ‘తన్నుతుంది’లో ఒత్తు ఎగిరిపోతే పోనివ్వండి. ‘ఎప్పుడు తన్నుతుంది?’ అని అడగండి. ఆ జవాబే రెండో వాక్యం. ఒత్తులు నేర్పొద్దని కాదు, ముందువెనకలు మార్చమంటున్నాను.

ఇలా పిల్లలు చూసినదాన్నే రాయించిన బడిపంతులు ఒకడు ఫ్రాన్స్‌లో ఉండేవాడు, పేరు సెలెస్టిన్ ఫ్రెనే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తి దెబ్బతిన్నాక, 1920లో బార్-సుర్-లూ అనే కొండ ఊళ్ళో ఉద్యోగంలో చేరాడు. రోజంతా గొంతెత్తి పాఠం చెప్పే ఓపిక ఆయనకు లేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఊళ్ళోకి, పొలాల్లోకి వెళ్ళేవాడు. తిరిగొచ్చి, చూసినవి రాసేవాళ్ళు. తర్వాత తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రమే తెచ్చాడు. పిల్లలే అక్షరాలు పేర్చి, తాము రాసింది తామే అచ్చువేసుకునేవాళ్ళు. ఆ కాగితాలు దేశం ఆ చివర బ్రిటనీ తీరంలో ఉన్న ట్రేగంక్ బడికి పోస్టులో వెళ్ళేవి. అక్కడినుంచీ కాగితాలు వచ్చేవి.

అచ్చుయంత్రం కన్నా నాకు ఆ పోస్టే గొప్పగా కనిపిస్తుంది. టీచరుకు ముందే తెలిసిన సంగతిని టీచరుకే రాసివ్వడానికి పిల్లలకు ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది? మన ఊరు ఎరగనివాళ్ళకు చెప్పాలంటే మాత్రం ఏది ముందో ఏది తర్వాతో చూసుకోవాలి, ఎంత, ఎందుకు, ఎలా అన్నీ చెప్పాలి. చిన్న తరగతుల్లో వ్యాసరచన పాఠమంతా అందులోనే ఉంది.

ఇక రాసే మాటల సంగతి. ఒకచోట గేదె అంటారు, మరోచోట బర్రె అంటారు, సీమలో ఎనుము అనేవాళ్ళున్నారు. పిల్లలు ఏది రాస్తే అది ఉంచండి. గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లల కోసం తాను సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటూనే, ఆ మధ్యాహ్నమే పిల్లల ఇంటిమాటకు ఎర్రసిరా సున్నా చుట్టే ఘనత మనది.

ఫ్రెనేకు పోస్టు ఉన్నట్టే, మీ బ్యాచ్‌కు వాట్సాప్ గ్రూపు ఉండే ఉంటుంది. జూన్‌లో మీలో ఒకరు శ్రీకాకుళం తీరంలో, ఇంకొకరు ఆదోని పత్తిచేల పక్కన చేరతారనుకోండి. వలతో చేపలెలా పడతారో ఒక బడి, పత్తి ఎలా ఏరతారో రెండో బడి రాసి ఫొటో తీసి పంపుకోవచ్చు. అటునుంచి ప్రశ్నలు వస్తాయి. వల చిరిగితే ఎవరు బాగుచేస్తారు, ఎంతసేపు పడుతుంది అని. మీకూ తెలియకపోవచ్చు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఒడ్డుకు వెళ్ళండి, పడవ దగ్గరున్నవాళ్ళను అడిగి రాసుకురండి.